మోకుకు వేలాడిన సైకిల్

ఉదయం ఇంటి నుంచి దుకాణానికి నడిచే దారిలో ఆగి ఉన్న బండి కనిపిస్తే, జితేందర్ దాని బ్రేకు పిడిని ఒక్కసారి నొక్కి వదులుతాడు. అది ఎవరి బండి అన్నది చూడడు. పాలమనిషి మోపెడ్, బడికి పోయే పిల్లల సైకిల్, టీ హోటల్ ముందు నిలిపిన బుల్లెట్, ఏదైనా సరే. రెండు వేళ్లతో నొక్కుతాడు, పిడి ఎంత లోపలికి వచ్చిందో చూస్తాడు, ముందుకు నడుస్తాడు. కోరుట్లలో ఆ వీధి వాళ్లకు ఇది అలవాటైపోయింది.

“ఏందే జితేందరన్నా, నా బండికి జెరమచ్చిందా, నాడి వడుతున్నవ్?” అంటాడు హోటల్ అతను.

“జెరం లేదు గానీ ఎనుక బ్రేకు సచ్చింది. జర పైలంగ పో.”

జితేందర్ పుట్టింది గొల్లపల్లి దగ్గరి ఒక చిన్న ఊళ్లో. తండ్రి లస్మయ్య ముప్ఫై ఏళ్లు తాటి చెట్లెక్కి కల్లు గీశాడు. ఒక వానాకాలం పొద్దున చెట్టు మీది నుంచి జారి పడ్డాక ఎడమ కాలు వంగడం మానేసింది. కొడుకు రెండేళ్లు తండ్రి చెట్లెక్కాడు. ఆ తర్వాత ఆ చెట్లున్న పొలాలు ప్లాట్లయ్యాయి, చెట్లు పోయాయి. అప్పటికి ఊళ్లో సగం మంది మగవాళ్లు గల్ఫ్‌లోనే ఉన్నారు. జితేందర్ కూడా పెళ్లయిన మరుసటి ఏడు, బావమరిది ఎల్లేశం వెనకాల అక్కడికే వెళ్లాడు. ఎల్లేశం అతని భార్య జమునకు అన్న.

అక్కడ అతనికి దొరికింది వింత పని. గడ్డి కూడా మొలవని రాళ్ల కొండల మధ్య, వచ్చిన వాళ్లకు గుట్టలెక్కే సైకిళ్లు అద్దెకిచ్చే చోటు. సాయంత్రం తిరిగొచ్చిన సైకిళ్లను కడగడం జితేందర్ పని. రోజుకు నలభై, యాభై. సైకిల్ కడిగే గచ్చుకు ఎదురుగా నేపాల్ నుంచి వచ్చిన మెకానిక్ బల్ల ఉండేది. అతను బ్రేకుల్లోంచి గాలి తీస్తుంటే జితేందర్ చేతిలో పైపు పట్టుకుని చూసేవాడు. ముట్టుకోవడానికి అనుమతి లేదు. మూడేళ్లు చూశాడు. ఆ తర్వాత లాక్‌డౌన్ వచ్చింది, కొండల్లోకి వచ్చే మనుషులు ఆగిపోయారు, కడిగేవాళ్లను ముందు పంపేశారు. హైదరాబాద్‌లో దిగి, పద్నాలుగు రోజులు వేరుగా ఉండి, ఒక్క సంచితో ఇంటికి చేరాడు.

కోరుట్లలో రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని సైకిల్ దుకాణం పెట్టాడు. తండ్రిని కూడా తెచ్చుకున్నాడు. జమున ఇంట్లో బీడీలు చుట్టేది. అన్ని ఊళ్లలాగే ఇక్కడా సైకిల్ తొక్కేవాళ్లు తగ్గారు. పంక్చర్లు, గొలుసులు, పిల్లల సైకిళ్లకు పక్క చక్రాలు. ఏడాది గడిచినా వారంలో మూడు రోజులు ఊరికే కూర్చునేవాడు.

అలాంటప్పుడు ఎల్లేశం ఫోన్ చేశాడు.

“విజా ఉన్నది బావా. మల్లా గదే జాగ. శుక్రారం రాత్రి లోపట పాస్‌పోర్టు కాయితం పంపుమన్నరు. ఇగ నువ్వు సప్పుడు చెయ్యకుంటే ఇంకోనికి పోతది.”

“గదే పనా?”

“గదే. కడుగుడు. నీకేమన్న మేనేజర్ పనిస్తరా?”

జితేందర్ ఆలోచించి చెబుతానన్నాడు. అది సోమవారం. వెళ్లడం అతనికి ఇష్టం లేదు. ఉండాలంటే ఈ దుకాణం నిలబడాలి. అంతకు మించి చిక్కు ఏమీ లేదు, దారి కూడా కనిపించలేదు.

మంగళవారం జగిత్యాల నుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చి షెడ్డు ముందు ఆగింది. అందులోంచి లక్ష్మీరాజం సారు దిగాడు. జగిత్యాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు, పిల్లలకు సైకిల్ పోటీలు నేర్పుతాడు. వెంట అనూష అనే అమ్మాయి. డిగ్రీ రెండో ఏడు, హాస్టల్లో ఉంటుంది. సొంతూరు సిరిసిల్ల. వాళ్ల నాన్న నడిపే మగ్గాల షెడ్డు మూతపడ్డాక మహారాష్ట్రలోని భివండి వెళ్లి అక్కడ మగ్గాల మీద పనిచేస్తున్నాడు. ఇద్దరూ కలిసి ఆటోలోంచి లావు టైర్ల సైకిల్ ఒకటి దించారు. రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని పట్టి ఆపేవి. వాటికి తీగ ఉండదు. సన్నని గొట్టంలో నూనె ఉంటుంది. పిడి నొక్కితే నూనె వెళ్లి, చక్రం పక్కనున్న రెండు బ్రేకు బిళ్లలను పళ్లెం మీదికి నొక్కుతుంది.

“ముందటి బ్రేకు అన్నా,” అంది అనూష. “నొక్కితే పిడి అచ్చి హ్యాండిల్‌కు తాకుతది. రెండు మూడు మాట్ల నొక్కితే గప్పుడు పడ్తది.”

జితేందర్ నొక్కాడు. పిడి తడి బట్టను పిండినట్టు మెత్తగా లోపలికి వచ్చింది.

“గాలి చేరింది చెల్లె. నూనెను నొక్కితే అది నలుగది, సక్కగ పోయి పని చేస్తది. గాలిని నొక్కితే అదే నలుగుతది. నీ బలమంత బుడగ తింటున్నది.”

“హైదరాబాద్ల పది దినాలన్నరు,” అన్నాడు లక్ష్మీరాజం సారు. “ఆదివారం వికారాబాద్ గుట్టల్ల రాష్ట్రం సెలెక్షన్. దిగుడు మీద బ్రేకు లేకుంటే ఈ పిల్లను నేను పంప. నీకస్తదా ఇది?”

“చూసిన సార్. మూడేండ్లు చూసిన.”

“చూసినవా, చేసినవా?”

“చూసిన.”

సారు తనే ఒకసారి పిడి నొక్కి చూశాడు. తర్వాత అన్నాడు: “నా దగ్గర గిసొంటియి ఎనిమిది ఉన్నయి. సిరిసిల్లల మా దోస్తు దగ్గర ఇంకో ఆరు. గిదొక్కటి మంచిగ చేసి చూపెట్టు, అన్నీ నీకే ఇస్తం. శుక్రారం నాలుగింటికి అస్త.”

వాళ్లు వెళ్లాక జితేందర్ హైదరాబాద్‌లోని సైకిళ్ల దుకాణానికి ఫోన్ చేసి, ఆ బ్రేకుకు సరిపడే నూనె సీసా బస్సు పార్శిల్‌లో పంపమన్నాడు. పక్క దుకాణం బైకు మెకానిక్ నవ్వాడు. “నా తాన బ్రేకాయిల్ డబ్బ ఉండంగ పట్నం నుంచెందుకు? ఇగో, పోసుకో.”

“వద్దన్నా. బండికి పోసేది గీ బ్రేకుల పోస్తే లోపటి రబ్బర్లు ఉబ్బుతయి. ఆ నేపాలాయన గిది మాకు పదిసార్లు చెప్పిండు, నేను కడిగేటోన్ని అయినా సరే.”

మందుల దుకాణంలో పెద్ద సిరంజీ ఒకటి, చిన్నది ఒకటి, సెలైన్ ఎక్కించే పైపు ఒకటి కొన్నాడు. “ఎవలకన్నా, సీరియసా?” అని అడిగారు వాళ్లు. “సైకిల్‌కు,” అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం సీసా చేరింది. చక్రం విప్పాడు. నూనె మరక పడితే పాడవుతాయని బ్రేకు బిళ్లలు తీసి కాగితంలో చుట్టాడు. వాటి చోట చెక్క ముక్క దూర్చాడు. పిడి దగ్గరుండే చిన్న నూనె గది మూత మర విప్పి, చిన్న సిరంజీని కోసి గరాటులా దాని మీద నిలబెట్టాడు. కింద, బ్రేకు మొనకు సెలైన్ పైపు తొడిగి, పెద్ద సిరంజీతో నూనెను నెమ్మదిగా పైకి ఎక్కించాడు. గొట్టాన్ని పానా పిడితో కింది నుంచి పైదాకా చిన్నగా తట్టుకుంటూ వచ్చాడు. గరాటులో బుడగలు తేలాయి. మొదట పెద్దవి, తర్వాత ఆవగింజంతవి, ఆ తర్వాత ఏమీ లేవు. కింది మొన బిగించి, గరాటు తీసి, పై మర బిగించాడు. పిడి నొక్కితే హ్యాండిల్‌కు వేలెడు దూరంలోనే ఆగిపోయింది, రాయిని నొక్కినట్టు.

సద్ది ఇవ్వడానికి వచ్చిన జమునతో కూడా నొక్కించాడు.

“గట్టిగనే ఉన్నది,” అంది ఆమె. “ఇంకేంది, అయిపాయె?”

“చక్రం జర వంకర వోతున్నది. సక్కగ చేస్తే అయిపోయినట్టే.”

సైకిల్‌ను తలకిందులు చేసి, సీటు మీద, హ్యాండిల్ మీద నిలబెట్టి, చక్రం తిప్పుతూ పుల్లలు బిగించాడు. కోరుట్లలో గానీ జగిత్యాలలో గానీ సైకిల్ పని అంటే ముందు దాన్ని తలకిందులు చేయడమే. పొద్దు గుంకిందని అలాగే వదిలి షట్టర్ వేశాడు.

గురువారం ఉదయం సైకిల్‌ను నిలబెట్టి పిడి నొక్కితే అది వచ్చి హ్యాండిల్‌కు తాకింది.

అతను మళ్లీ అన్నీ విప్పాడు. గాలి లోపలికి వస్తోందంటే ఎక్కడో కారుతున్నట్టే అనుకున్నాడు. ప్రతి అతుకునూ తెల్ల గుడ్డతో తుడిచి చూశాడు, మరక లేదు. నేల మీద పాత పేపరు పరిచాడు, చుక్క పడలేదు. రెండోసారి గాలి తీశాడు. గట్టిపడింది. చక్రం పళ్లెం బిళ్లకు రాసుకుంటుంటే సరిచేయడానికి తలకిందులు చేశాడు. నిలబెట్టి నొక్కాడు. మళ్లీ మెత్తన. మూడోసారి కూడా అంతే. సాయంత్రానికి సీసాలో నూనె సగానికి దిగింది.

బైకు మెకానిక్ తలుపు దగ్గర నిలబడి చూశాడు. “ఇడిసిపెట్టు తమ్మీ. పట్నపోళ్లకే పది దినాలైతున్నదట.”

“పట్నపోళ్ల తాన పది దినాలున్నయి అన్నా. నా తాన రేపొక్కటే ఉన్నది.”

ఇంటికి వెళ్లేసరికి జమున చాటలోని తునికాకులు పక్కన పెట్టి లేచింది. “మా అన్న ఫోన్ చేసిండు. పాస్‌పోర్టు తీసి పెట్టాల్నా?”

“నువ్వేమంటవు?”

“పో అంటే నిన్ను ఎల్లగొట్టినట్టు, ఉండు అంటే రేపు దుకాణం నడువకుంటే నా మీద పడ్తది. నన్నడుగకు. గా బ్రేకు సంగతి తేల్చు ముందుగాల.”

“రేపు నాలుగింటి దాక ఆగు అయితే.”

శుక్రవారం ఉదయం దుకాణం తెరిచేటప్పటికే లస్మయ్య వచ్చి స్టూలు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. మూడు రోజులుగా ఆయన ఇదంతా చూస్తూనే ఉన్నాడు, అడగకుండా చెప్పే అలవాటు లేదు. కొడుకు నాలుగోసారి చక్రం విప్పడానికి సైకిల్‌ను ఎత్తి బోర్లించబోతుంటే మాత్రం అడ్డుకున్నాడు.

“నువ్వు దాన్ని మాటిమాటికి తలకిందులెందుకు చేస్తున్నవు రా?”

“అందరు గట్లనే చేస్తరు గదా బాపు.”

“అందరి సైకిళ్లల్ల నూనె ఉన్నదా?” లస్మయ్య బల్ల మీదున్న సగం నూనె సీసా అందుకుని, మూత బిగించి చూపించాడు. “గాలేడున్నది? మీద. ఇగ చూడు.” సీసాను తిప్పాడు. లోపలి గాలి బుడబుడమంటూ అడుగు వైపు ఎక్కింది. “కల్లు లొట్టి అంచు దాక నిండకుంటే, వంపినంక గాలి లోపటికి పోక ఎటు పోతది? నువ్వు పైన మర బిగించేటప్పుడు గా గది నిండ ఉంటున్నదా?”

జితేందర్ చేతిలోని పానా అలాగే ఉండిపోయింది. గరాటు పీకేటప్పుడు ప్రతిసారీ కొంత నూనె దాంతోపాటే వచ్చేది. గదిలో పైన వేలిగోరంత ఖాళీ మిగిలేది. సైకిల్ నిలబడి ఉన్నంతసేపు ఆ గాలి పైనే ఉండి ఏ హానీ చేసేది కాదు. బోర్లించగానే గొట్టంలోకి ఎక్కేది. అక్కడ, ఆ రాళ్ల కొండల మధ్య, సైకిళ్లను ఎవరూ బోర్లించేవాళ్లు కాదు. ఇనుప స్టాండుకు పట్టించి గాల్లో నిలిపేవాళ్లు. చివర మర బిగించేటప్పుడు నేపాల్ మెకానిక్ ఏం చేసేవాడో అతనికి ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. సరిగ్గా ఆ సమయానికి ఎవరో ఒకరు ఇంకో సైకిల్ కడగమని అతన్ని పిలిచేవారు.

“స్టాండు లేదు బాపు మన తాన.”

“మోకున్నది గదా.”

లస్మయ్య ఆ మోకును అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు. చెట్టుకూ నడుముకూ చుట్టి ఎక్కే ఆ లావు తాడు ఇంట్లో మేకుకు తగిలించి ఉండేది. పొద్దున మామ వెంటే దుకాణానికి వచ్చిన జమున ఇంటికి వెళ్లి తెచ్చింది. లస్మయ్య దాన్ని షెడ్డు ఇనుప దూలం మీదుగా వేసి, ముడి వేసి, రెండు చేతులతో పట్టుకుని తన బరువంతా వేసి మూడుసార్లు గుంజాడు. రేకులు చప్పుడు చేశాయి.

“మెల్లగ మామా, షెడ్డే పడేటట్టున్నది,” అంది జమున.

“గుంజి చూడకుండ ఎన్నడన్న చెట్టెక్కిన్నా బిడ్డా?”

“మరి పడితివి గదా?”

“మోకు తెగి పడలె. నా కాలు జారింది. మోకు నాడు గూడ మంచిగనే ఉండె.” ఆయన నవ్వాడు, ఆమె కూడా నవ్వింది.

ఒక ముడి సీటు కింద, ఒక ముడి హ్యాండిల్ దగ్గర. సైకిల్ రోడ్డు మీద ఉన్నట్టే నిటారుగా, జానెడు ఎత్తున వేలాడింది. జితేందర్ నాలుగోసారి మొదలుపెట్టాడు. ఈసారి తొందర లేదు. పైపులో బుడగ కనిపిస్తే అది కదిలేదాకా తట్టాడు. పిడిని కాస్త పైకి, కాస్త కిందికి వంచి మూలల్లో దాగినవాటిని కూడా బయటికి రప్పించాడు. గరాటు తీశాక పెద్ద సిరంజీతో గదిలోకి చుక్క చుక్కగా నూనె వదిలాడు. అంచు దాటి పొర్లి, కింద చుట్టిన గుడ్డ తడిసేదాకా వదిలాడు. పొర్లుతుండగానే మర బిగించాడు. అంతా తుడిచి, బిళ్లలు పెట్టి, చక్రం ఎక్కించాడు. పిడి వేలెడు దూరంలో ఆగింది.

అప్పటికి పదకొండయింది. అతను మోకు విప్పి సైకిల్‌ను దించాడు. దించి, తలకిందులు చేసి నేల మీద పెట్టాడు.

జమునకు కోపం వచ్చింది. “ఏందిది, మల్ల మొదటికే? ఇప్పుడే గదా మామ వద్దన్నది.”

“గా పిల్ల గుట్టల మీద పడ్తది. పడేటప్పుడు సైకిల్ సక్కగ నిలవడి పడదు గదనే. నాలుగింటి దాక గిట్లనే ఉండనీ. గాలుంటే ఈడనే తెలుస్తది, నా ముందట.”

“మరి మెత్తబడితే?”

“మెత్తబడితే పాస్‌పోర్టు తీయి.”

ఆ అయిదు గంటలు అతను దాన్ని ముట్టుకోలేదు. ఒక పంక్చర్ వేశాడు. ఒక పిల్లవాడి సైకిల్‌కు గంట బిగించాడు. రెండింటికి ఎల్లేశం ఫోన్ చేశాడు. “నాలుగింటికి చెప్త బావా,” అన్నాడు. “నాలుగింటికి నీకేమన్న ముహూర్తమున్నదా?” అని ఎల్లేశం కసిరాడు. లస్మయ్య స్టూలు మీదే కునుకు తీశాడు. జమున ఇంటికి వెళ్లకుండా షెడ్డు మూలన కూర్చుని బీడీలు చుట్టింది.

నాలుగు దాటాక లక్ష్మీరాజం సారు, అనూష బస్సు దిగి నడుచుకుంటూ వచ్చారు. తలకిందులుగా ఉన్న సైకిల్ చూడగానే సారు ముఖం మారింది.

“ఇంక పని నడుస్తనే ఉన్నదా?”

“అయింది సార్. పొద్దుగాల నుంచి గట్లనే పెట్టిన. నేను నిలవెడితే నేనేదో చేసిన్ననుకుంటరు. చెల్లె, నువ్వు నిలవెట్టు.”

అనూష దాన్ని తిప్పి నిలబెట్టింది. ముందు పిడి మీద ఒక్క వేలు పెట్టి నొక్కింది. అది వేలెడు దూరంలో ఆగింది. ఇంకోసారి నొక్కింది. అక్కడే ఆగింది. ఆమె సారు వైపు చూసింది. సారు కూడా వచ్చి నొక్కాడు, తర్వాత అంతకంటే గట్టిగా నొక్కాడు.

“నేను ఎక్కి చూస్త,” అంది అనూష.

“ముందుగాల నేను,” అన్నాడు జితేందర్.

వీధి చివర చెరువు కట్ట ఉంది. దాని మీది నుంచి రోడ్డు మీదికి దిగే బాట నిట్టనిలువుగా, కంకర తేలి ఉంటుంది. జితేందర్ సైకిల్‌ను కట్ట మీదికి నడిపించుకుని వెళ్లాడు. కింద నలుగురూ నిలబడ్డారు. లస్మయ్య కర్ర ఊతంతో వచ్చాడు. జితేందర్ తొక్కకుండానే వదిలేశాడు. సైకిల్ వేగం అందుకుంది, కంకర అటూ ఇటూ చిమ్మింది. సగం దారిలో అతను ఒక్క వేలితో పిడి నొక్కాడు. వెనక చక్రం నేల విడిచి కాస్త లేచి మళ్లీ దిగింది. సైకిల్ ఆగింది. మళ్లీ పైకెక్కి ఇంకోసారి దిగాడు. మూడోసారి కూడా. అప్పుడు అనూష చేతికి ఇచ్చాడు.

“మూడుసార్లెందుకు?” అని సారు అడిగాడు.

“మాది గీత పని సార్. మేం గుంజి చూడందే ఎక్కం.”

అనూష అయిదుసార్లు దిగింది. చివరిసారి సగం దారిలో బ్రేకు నొక్కకుండా, ఇంకా కిందికి వచ్చాకే నమ్మకంగా నొక్కింది. సారు జితేందర్‌తో, “సోమారం మిగతయి పంపిస్త, ఎనిమిది ఒక్కసారి కాదు, రెండు రెండు,” అన్నాడు.

దుకాణానికి తిరిగొచ్చాక జితేందర్ తనే ఎల్లేశానికి ఫోన్ చేశాడు.

“నేను రాను బావా. గా విజా ఇంకెవలకన్న ఇయ్యమను.”

“పిచ్చిలేసిందా? గా సైకిళ్లు ఎన్నొద్దులు నడుస్తయి?”

“ఎన్నొద్దులు నడిస్తె గన్నొద్దులు చేస్త. ఆడ కడిగిన, ఈడ చేస్తున్న. మల్ల కడుగుడుకు రాను.”

ఎల్లేశం ఏదో తిట్టి పెట్టేశాడు. ఒక వారం మాట్లాడలేదు. ఆ తర్వాత ఎప్పటిలాగే మాట్లాడాడు.

ఆదివారం వికారాబాద్‌లో అనూష ఏడో స్థానంలో వచ్చింది. మొదటి ఆరుగురినే తీసుకున్నారు. దిగుడులో రెండుసార్లు పడింది, ఒకసారి సైకిల్ పల్టీ కొట్టి ముళ్ల పొదలో తలకిందులుగా దిగింది. ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేసినప్పుడు జితేందర్ అడిగిన మొదటి మాట, “బ్రేకు?”

“మంచిగున్నది అన్నా. నేనే మంచిగ లేను. మోచెయ్యి గీసుకపోయింది.”

“మల్లచ్చే ఏడు చూద్దాం చెల్లె. సైకిల్ తీస్కరా, గొట్టం ఏమన్న నలిగిందేమో చూస్త.”

సోమవారం రెండు సైకిళ్లు వచ్చాయి, ఆ నెలలోనే మిగతా ఆరు. వాటిలో ఒకదానికి ఎవరో బండి బ్రేకాయిల్ పోశారు. లోపలి రబ్బర్లు ఉబ్బి పిడి కదలలేదు. దాన్ని బాగు చేయడం తన వల్ల కాదని జితేందర్ సారుకు చెప్పి, కొత్త బ్రేకు తెప్పించి బిగించాడు. సిరిసిల్ల సైకిళ్లు దసరా తర్వాత వచ్చాయి. వాటిని బస్సుల్లో, ఆటోల్లో అక్కడి నుంచి మోసుకురావడం కష్టమవుతోందని మూడో నెల నుంచి అతనే అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు అనూష రాష్ట్ర జట్టులోకి వచ్చింది.

ఇప్పుడు జితేందర్‌కు ముప్ఫై ఎనిమిదేళ్లు. గురువారాలు పొద్దున బస్సులో సిరిసిల్ల వెళ్తాడు, మిగతా రోజులు కోరుట్ల దుకాణంలో పని చేస్తాడు.